అమ్మాయి అమెరికాలో ఉందని నిజం చెప్పాను, ఓటరు జాబితాలో పేరు పోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

నల్లకుంటవాసి · హైదరాబాద్ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఆరేళ్లుగా టెక్సస్‌లో ఉద్యోగం చేస్తోంది, హెచ్1బీ వీసా మీద. పద్దెనిమిది నిండిన ఏడాదే ఇక్కడ ఓటరు కార్డు తీసుకుంది. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉంది. నాతో, వాళ్లమ్మతో కలిసి వరసలో నిలబడి ఓటేసింది. మాది అంబర్‌పేట నియోజకవర్గం.

కొన్ని నెలల కిందట బీఎల్‌వో అమ్మ (మా బూత్ ఓటరు జాబితా చూసే అధికారి) జాబితా పట్టుకుని ఇంటికి వచ్చారు. ఒక్కో పేరూ చదువుతూ "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అండీ?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, "లేదమ్మా, అమెరికాలో ఉద్యోగం, ఏడాదికో రెండేళ్లకో వస్తుంది" అని. ఆవిడ ఏదో రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. మొన్న వెబ్‌సైటులో చూసుకుంటే నా పేరుంది, మా ఆవిడ పేరుంది, అమ్మాయి పేరు లేదు.

రాత్రి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇక్కడ నాకు ఓటు లేదు, అక్కడా లేకపోతే నేను ఏ ఊరిదాన్ని నాన్నా?" అంది. అప్పట్నించి నాకు మనసు మనసులో లేదు. పిల్ల ఓటు నా నోటితోనే పోయింది కదా. బిహార్‌లో 2025లో జాబితా సవరించినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు రాలేదని చదివినప్పుడు అది ఎవరి సంగతో అనుకున్నాను.

తెలిసినవాళ్లు చెప్పండి. నేను అబద్ధం చెప్పాల్సిందా? ఆ పేరు మళ్లీ చేర్చే దారి ఉందా?

కొండాపూర్‌ఫ్లాట్ · సియాటిల్ · ఆదివారం రాత్రి 10:40

మాదీ ఇదే కథ సార్. ఈ చర్చ ఆగకుండా చూడండి, నేనూ చదువుతాను.

బడిపంతులు_మల్కాజిగిరి · హైదరాబాద్ · సోమవారం ఉదయం 6:25

నల్లకుంటవాసి గారూ, ముందు మీరు బాధపడటం మానండి. నేను సర్కారు బడి పంతులుని, రెండు ఎన్నికలకు బీఎల్‌వోగా తిరిగాను. మేం ఇంటికొచ్చి అడిగేదే ఆ ప్రశ్న. ఆ ఇంట్లో మామూలుగా నివాసం ఉంటున్నవాళ్ల పేర్లే సాధారణ జాబితాలో ఉండాలి. లేనివాళ్లను గైర్హాజరు, మారిపోయినవారు, చనిపోయినవారు అని మూడు రకాలుగా రాసుకుంటాం. మీ అమ్మాయిని మారినవారి కింద రాసి ఉంటారు.

కాకపోతే ఆ బీఎల్‌వో ఇంకొక్క మాట చెప్పి ఉండాల్సింది. ఈ పేరు ఇక్కడ తీసేస్తారు, అమ్మాయి విదేశీ ఓటరుగా 6ఏ ఫారం పెట్టుకోవచ్చు అని. నిజాయితీగా ఒప్పుకుంటున్నాను, నేను మొదటిసారి తిరిగినప్పుడు నాకే ఆ ఫారం సంగతి తెలియదు. మా శిక్షణలో కొత్త ఓటుకు 6, తొలగింపుకు 7, సవరణకూ చిరునామా మార్పుకూ 8 అని చెప్పారు. 6ఏ గురించి ఒక్క వాక్యంలో దాటేశారు. నా బూత్‌లో పన్నెండు ఇళ్లకు పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. ఆ పన్నెండు ఇళ్లకూ నేను ఏమీ చెప్పకుండానే వచ్చేశాను. అది ఇప్పటికీ నన్ను పీడిస్తుంటుంది.

దారి ఉంది. 6ఏకి రుసుము లేదు. ఓటర్ల సేవల పోర్టల్‌లోనో, ఎన్నికల సంఘం యాప్‌లోనో అమ్మాయే అక్కడ కూర్చుని పెట్టుకోవచ్చు. పోస్టులో కూడా పంపొచ్చు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, ఇండియా చిరునామా ఉన్న పేజీ, వీసా ఉన్న పేజీ నకళ్ల మీద సంతకం పెట్టి జత చెయ్యాలి. తర్వాత బీఎల్‌వో మళ్లీ మీ ఇంటికే వస్తారు. అమ్మాయి లేకపోయినా ఆ కాగితాలు చూసి, "ఈమె మా అమ్మాయే, వివరాలు సరైనవే" అని మీరు రాసి సంతకం పెడితే చాలు. ఇంట్లో బంధువులెవరూ లేకపోతే కాగితాలు అక్కడి భారత రాయబార కార్యాలయానికి పరిశీలనకు వెళతాయి. దానికి కాలం పడుతుంది. మీరు ఉన్నారు కాబట్టి మీకా చిక్కు లేదు.

న్యాయపథం · హైదరాబాద్ · సోమవారం ఉదయం 8:03

సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. పంతులుగారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను. ఇందులో సగం గొడవ చట్టంలో ఏముందో తెలియకపోవడం వల్లే వస్తుంది.

రాజ్యాంగం 326వ అధికరణం చదవండి. వయోజన ఓటు హక్కు ఇచ్చిన ఆ అధికరణమే, దేన్ని బట్టి ఆ హక్కు లేకుండా చెయ్యొచ్చో కూడా చెబుతుంది. మతిస్థిమితం లేకపోవడం, నేరం, అవినీతి లేదా అక్రమ పద్ధతులు. వాటన్నిటికీ ముందు రాసిన మాట 'నివాసం లేకపోవడం'. ఉపాధి కోసం ఊరు విడిచిన మనిషి ఆ వరసలో నిలబడటం నాకు చదివిన ప్రతిసారీ ముల్లులా గుచ్చుకుంటుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షను 'సాధారణ నివాసి' అయి ఉండాలంది. 20వ సెక్షను ఇంకో మాట కలిపింది. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి సాధారణ నివాసి అయిపోరు. కొండాపూర్‌ఫ్లాట్ గారూ, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఫ్లాటు కొన్నారని అక్కడ ఓటు రాదు.

అరవై ఏళ్లు అలాగే నడిచింది. 2010లో చట్టం సవరించి 20ఏ సెక్షను పెట్టారు. 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగం, చదువు, మరే కారణంతోనైనా దేశం బయట ఉన్న పౌరుడు, వేరే దేశ పౌరసత్వం తీసుకోకపోతే, తన పాస్‌పోర్టులో ఉన్న ఇండియా చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడ ఓటరు కావచ్చు. నల్లకుంటవాసి గారి అమ్మాయికి వర్తించేది ఇదే.

తొలగింపు విషయం. నివాసం లేరన్న కారణంతో పేరు తీసేముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షను అంటుంది. నోటీసు వచ్చిందో లేదో ఇల్లు వెతకండి. ఆ ఉత్తర్వు మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. కానీ మీ విషయంలో అప్పీలు గెలిచినా తిరిగి వచ్చేది సాధారణ ఓటే, ఆరేళ్లుగా అమెరికాలో ఉన్న అమ్మాయికి అది మళ్లీ పోయే ఓటే. 6ఏ పెట్టించండి.

'అబద్ధం చెప్పాల్సిందా' అని అడిగారు. వద్దు. కొంతమంది మళ్లీ మామూలు 6వ ఫారం నింపి "ఇక్కడే ఉంటున్నాను" అని రాస్తారు. జాబితా కోసం రాతపూర్వకంగా అబద్ధం చెబితే 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇర్వింగ్‌తెలుగు · టెక్సస్ · సోమవారం ఉదయం 9:30

లాయరు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోలేకపోతున్నాను. నాకు సనత్‌నగర్‌లో ఓటుంది, కార్డుంది. ఇంటికి వచ్చినప్పుడు ఎన్నికలుంటే వేస్తాను. నేను ఎవరి ఓటూ దొంగిలించలేదు, రెండుచోట్ల వెయ్యలేదు. 6ఏ పెడితే ఉన్న కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలట, కొత్త కార్డు ఇవ్వరట. అప్పుడూ విమానమెక్కి ఆ బూత్‌కే వెళ్లాలి. మరి నాకు కలిసొచ్చిందేమిటి?

పైగా మా సంగతి మీకు తెలియాలి. పాస్‌పోర్టులో కొట్టిన వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోతుంది. వీసా పొడిగింపు ఆమోదించారని ఇచ్చే ఐ-797 కాగితం మీద ఉద్యోగం చేసుకుంటూ ఉంటాం, దేశం దాటనంతకాలం ఇబ్బంది లేదు. దాటామంటే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాటు దొరికి స్టాంపింగ్ అయితే గానీ తిరిగి రాలేం. ఓటేయడానికి వచ్చి స్లాటు కోసం నెలలు ఇరుక్కుపోతే ఇక్కడ ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి ఏమవుతాయి? ఓటంటే ప్రేమ లేక రావట్లేదు అనుకోవద్దు.

న్యాయపథం · హైదరాబాద్ · సోమవారం మధ్యాహ్నం 1:48

ఇర్వింగ్‌తెలుగు గారూ, స్టాంపింగ్ బాధ మా తమ్ముడి ఇంట్లో చూశాను. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు.

మీరడిగిన ప్రశ్నకు జవాబు. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన సాధారణ నివాసం పోదని 20వ సెక్షనులోనే ఉంది. ఏడాదిన్నర ప్రాజెక్టు మీద వెళ్లినవాళ్లు, రెండేళ్ల చదువుకు వెళ్లి తిరిగొచ్చేవాళ్లు ఆ మాట పట్టుకుని నిలబడొచ్చు. మీరు ఎన్నేళ్లుగా ఉన్నారో నాకు తెలియదు. పదేళ్లయినవాళ్లు మాత్రం ఆ మాట మీద నిలబడలేరు. ఇవాళ ఉన్న పేరు రేపు బీఎల్‌వో తలుపు తడితే పోతుంది, పోయిన సంగతి మీకు పోలింగ్ రోజు బూత్‌లో తెలుస్తుంది.

6ఏలో నమోదైన పేరు మాత్రం మీరు ఇక్కడ లేరని తెలిసే రాసిన పేరు. ఇంట్లో లేరన్న మాట దాన్ని తియ్యలేదు. ఆ పోలింగ్ కేంద్రం జాబితా చివర విదేశీ ఓటర్లని వేరే భాగంగా వేస్తారు. కార్డు బదులు ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి ఓటేస్తారు. మళ్లీ ఇండియా వచ్చేసి స్థిరపడితే అధికారికి చెప్పి సాధారణ ఓటరుగా మారాలి. అంతే.

ఇర్వింగ్‌తెలుగు · టెక్సస్ · సోమవారం రాత్రి 8:15

పదమూడేళ్లు. సరే, చదివాక పోర్టల్ తెరిచాను. అక్కడే ఆగిపోయాను. రెండేళ్ల కింద పాస్‌పోర్టు రెన్యూ చేసినప్పుడు ఆలోచించకుండా ఇర్వింగ్ చిరునామా ఇచ్చాను. చివరి పేజీలో అదే అచ్చయింది. ఇప్పుడు నాకు ఏ నియోజకవర్గం?

న్యాయపథం · హైదరాబాద్ · సోమవారం రాత్రి 9:02

చట్టంలో మాట 'పాస్‌పోర్టులో పేర్కొన్న భారతదేశంలోని నివాసం' అని. అది పాస్‌పోర్టులో లేకపోతే 6ఏ నిలబడటం కష్టం. ఇండియా చిరునామాతో పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవాలి. ఇది చదువుతున్న అందరికీ చెబుతున్నాను, బయట రెన్యూ చేసేటప్పుడు చిరునామా గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ గడిలో రాసేది మీ ఓటు.

అమీర్‌పేట_టు_కొంపల్లి · టొరంటో · సోమవారం రాత్రి 11:20

నాకు చిరునామా ఇండియాదే, కానీ 2014లో అద్దెకున్న అమీర్‌పేట ఇల్లు. అమ్మానాన్న ఇప్పుడు కొంపల్లిలో ఉన్నారు. బీఎల్‌వో ఎక్కడికి వెళతారు?

బడిపంతులు_మల్కాజిగిరి · హైదరాబాద్ · మంగళవారం ఉదయం 6:10

అమీర్‌పేటకే వెళతారు. అది సనత్‌నగర్ నియోజకవర్గం. ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లు మీరెవరో తెలియదంటారు. ముందు పాస్‌పోర్టులో చిరునామా మార్చుకోండి తమ్ముడూ.

ఇంకొకటి. 'హైదరాబాద్' అని అందరం అంటాం గానీ హైదరాబాద్ జిల్లాలో ఉన్నవి 15 అసెంబ్లీ నియోజకవర్గాలే. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి శేరిలింగంపల్లిలోకి వస్తాయి, అది రంగారెడ్డి జిల్లా, చేవెళ్ల లోక్‌సభ. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఫారంలో జిల్లా తప్పు ఎంచుకుంటే కాగితం వేరే ఆఫీసుకు పోతుంది. నా దగ్గరికి అలా దారితప్పి వచ్చినవి చూశాను.

షార్జా_చింతల్ · షార్జా · మంగళవారం రాత్రి 10:35

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది జగిత్యాల దిక్కు పల్లె. పదకొండేండ్ల సంది షార్జాల ఏసీ టెక్నీషియన్ పని చేస్తున్న. పాస్‌పోర్టు తీసినప్పుడు హైదరాబాద్ల చింతల్‌ల మా అక్క ఇంట్ల ఉంటుంటి, ఆ అడ్రసే వడ్డది. గందుకే నా ఓటు కుత్బుల్లాపూర్‌ల ఉన్నది, ఊర్ల లేదు. 6ఏ నేను పెట్టుకున్న, నా పేరు వచ్చింది. కాబట్టి చెప్తున్న, అయితది.

మాకు ఒక్క తిప్పలొచ్చింది. ఫారంల వీసా పేజీ అడుగుతరు. యూఏఈల 2022 సంది పాస్‌పోర్టు మీద రెసిడెన్సీ స్టిక్కర్ కొడ్తలేరు, ఎమిరేట్స్ ఐడీనే అన్నిటికి. నేను ఐడీ రెండు దిక్కుల ఫొటో తీసి, రెసిడెన్సీ ప్రింటు తీసి రెండూ పెట్టిన. బీఎల్‌వో సారు అక్క ఇంటికి వచ్చి చూసిండు, అక్కతోని సంతకం తీసుకున్నడు. నెల దాటినంక మెసేజ్ వచ్చింది.

గానీ ఓటెయ్యలేదు. 2024 మే 13న మన దగ్గర లోక్‌సభ ఓటింగ్. సెలవు అడిగిన, మనుషులు తక్కువున్నరు, ఎండకాలం ఏసీ పని, పోతే నీ జాగల ఇంకొకడు వస్తడన్నరు. టికెటు పైసలు నా నెల జీతంల సగం దాటినయి. నా రూముల మలయాళీ దోస్తులు మాత్రం గుంపు గట్టి పోయిండ్రు, వాళ్లకు ఏప్రిల్ 26న. వాళ్లు మూడు నెలల ముందుగాల్నే లెక్క రాసుకొని, ఎవరు పోతరు ఎవరి పని ఎవరు చూస్తరు అన్నీ మాట్లాడుకున్నరు. వాళ్లు తిరిగొచ్చినంక వేలి మీద సిరా చూసి నాకు ఏడుపొచ్చింది. నా పేరు లిస్టుల ఉండి, నా వేలు తెల్లగున్నది.

థేమ్స్‌గట్టు · లండన్ · బుధవారం ఉదయం 5:50

షార్జా అన్నా, మీ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నేను ఇక్కడ పీజీ చేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయిని. ఇక్కడో సంగతి చెబితే ఇంట్లో నమ్మలేదు. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా బ్రిటన్‌లో ఉంటుంటే, వాళ్లకు ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది. నేను భారత పౌరురాలినే, ఇక్కడ నమోదు చేసుకున్నాను, పది నిమిషాల నడక దూరంలో బూత్. నాకు ఈ దేశం వచ్చి రెండేళ్లు కాలేదు. నేను పుట్టిన దేశానికి ఓటేయాలంటే మాత్రం ఏడున్నర వేల కిలోమీటర్లు ఎగరాలి. బయట ఉండే బ్రిటిష్ పౌరులకు పదిహేనేళ్ల గడువు ఉండేది, 2024 జనవరిలో అది కూడా ఎత్తేశారు. వాళ్లు పోస్టులో ఓటేస్తారు. ఫ్రాన్స్ అయితే బయట ఉన్న తన పౌరుల కోసమే పార్లమెంటు దిగువ సభలో 11 స్థానాలు పెట్టింది. మనకేం తక్కువ?

మెల్‌బోర్న్_పిన్ని · మెల్‌బోర్న్ · బుధవారం ఉదయం 7:15

నా దగ్గర ఓసీఐ కార్డు ఉంది. నాకూ 6ఏ వర్తిస్తుందా?

న్యాయపథం · హైదరాబాద్ · బుధవారం ఉదయం 7:40

వర్తించదమ్మా. ఓసీఐ అంటే వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు, అది పౌరసత్వం కాదు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోయింది. పాత ఓటరు కార్డు ఇంట్లో ఉంటే దాంతో ఓటేయకండి, 7వ ఫారం పెట్టి పేరు తీయించుకోండి. గ్రీన్‌కార్డు, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాళ్లు వేరు, వాళ్లు ఇంకా మన పౌరులే, 6ఏకి అర్హులే.

కొండాపూర్‌ఫ్లాట్ · సియాటిల్ · బుధవారం ఉదయం 9:05

ప్రాక్సీ ఓటు (మన బదులు ఇంకొకరు వేసేది) బిల్లు ఒకటి వచ్చింది కదా, దాని సంగతేంటి?

న్యాయపథం · హైదరాబాద్ · బుధవారం సాయంత్రం 6:30

ఇది కాస్త పెద్ద జవాబు.

2013, 2014లలో సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. లండన్‌లో ఉండే తెలుగువాడు నాగేందర్ చిందం ఒకరు, గల్ఫ్‌లో ఆస్పత్రులు నడిపే డాక్టర్ షంషీర్ వయలిల్ ఇంకొకరు. నమోదు ఇచ్చి, ఓటేయడానికి మాత్రం రమ్మంటే అది అందరికీ సమానమైన హక్కు ఎలా అవుతుందని వాళ్ల వాదన. ఎన్నికల సంఘం కమిటీ వేసింది, ఈ-పోస్టల్ బ్యాలెట్, ప్రాక్సీ రెండూ పరిశీలించొచ్చంది. ప్రభుత్వం ప్రాక్సీ వైపు మొగ్గి బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటలేదు. 2019లో లోక్‌సభ రద్దయింది, బిల్లూ దాంతోనే పోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘమే న్యాయశాఖకు రాసింది, ఎలక్ట్రానిక్‌గా పంపే పోస్టల్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని. సైనికులకు ఆ పద్ధతి 2016 నుంచీ నడుస్తోంది. ఎంబసీల్లో పనిచేసే మన ఉద్యోగులకూ పోస్టల్ ఓటు ఉంది. అదే ఊళ్లో, అదే వీధిలో ఉండే మన నర్సుకు, మన మేస్త్రీకి లేదు.

అంకెలు చూడండి. 2019లో విదేశీ ఓటర్లుగా నమోదైనవాళ్లు 99,844. వచ్చి ఓటేసినవాళ్లు 25,606. 2024లో నమోదు 1,19,374కి పెరిగింది. ఓటేసినవాళ్లు 2,958. అందులో 2,670 మంది కేరళలోనే. అంటే మిగతా దేశమంతా కలిపి 288. కోటి మందికి పైగా ప్రవాస పౌరులున్న దేశానికి ఇది!

ఈ అంకెలు చూసి, ఎవరూ రారు కదా, ఇంత ఏర్పాటు ఎందుకు అనేవాళ్లున్నారు. నేను దాన్ని తిరగేసి చూస్తాను. రాలేనివాళ్లు ఎంతమందో తెలియాలంటే ముందు వాళ్ల పేర్లు జాబితాలో ఉండాలి. పేరే లేనివాడి గైర్హాజరు ఎవరూ లెక్కపెట్టరు. అందుకే 6ఏ పెట్టమని ఇంతగా అడుగుతున్నాను.

షార్జా_చింతల్ · షార్జా · బుధవారం రాత్రి 11:10

లాయర్ సాబ్, మంచిగ చెప్పిండ్రు. గానీ ప్రాక్సీ అంటే నాకు భయమే. నా ఓటు మా బావ చేతిల పెడితే, బావ ఎవరికేస్తడో నాకేం తెలుసు? ఊర్లల్ల అయితే పెద్దమనుషులు పది ప్రాక్సీలు జేబుల పెట్టుకుంటరు.

పోస్టల్ అన్నా గంతే ఆలోచన. క్యాంపుల ఒక్క రూముల పన్నెండు మందిమి ఉంటం. కాగితం మీద గుర్తు పెట్టేటప్పుడు భుజం మీదికెల్లి చూసేటోళ్లు ఉంటరు. సూపర్‌వైజర్ కాగితాలన్నీ ఇటియ్యి అంటే మా పోరలు ఇచ్చేస్తరు. కాన్సులేట్‌ల ఒక గది పెట్టి, తెర కట్టి, శుక్రవారం మమ్మల్ని రమ్మంటే బస్సెక్కి పోతం. పాస్‌పోర్టు పని మీద పోతలేమా?

థేమ్స్‌గట్టు · లండన్ · గురువారం ఉదయం 4:55

షార్జా అన్న మాట విన్నాక నేను అనుకున్నది మార్చుకుంటున్నాను. పోస్టల్ చాలు అనుకున్నాను. నాకొక్కదానికే ఒక గది ఉంది కాబట్టి అలా అనిపించింది.

బడిపంతులు_మల్కాజిగిరి · హైదరాబాద్ · గురువారం ఉదయం 6:20

కాన్సులేట్‌లో బూత్ అంటే 543 లోక్‌సభ స్థానాల బ్యాలెట్లు అక్కడ ఉండాలి కదా అని మా తోటి టీచర్లు అంటారు. 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ఒక నమూనా యంత్రం తయారైందని ప్రకటించింది. ఒక్క బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకునేది. దేశం లోపల వలస వెళ్లినవాళ్ల కోసమని చెప్పారు. అది ముందుకు సాగలేదు. కానీ చెయ్యలేని పని కాదని అర్థమైంది. పోలింగ్ డ్యూటీలో ఒక్క ఓటరు కోసం అడవిలోకి నడిచి వెళ్లే సిబ్బంది ఉన్న దేశం మనది.

ఈ సోమవారం మా బడిలో బీఎల్‌వోల సమావేశం ఉంది. 6ఏ గురించి నేనే పదిహేను నిమిషాలు మాట్లాడతానని అడిగి సమయం తీసుకున్నాను.

ఇర్వింగ్‌తెలుగు · టెక్సస్ · గురువారం రాత్రి 9:00

పాస్‌పోర్టు రీ-ఇష్యూకి దరఖాస్తు మొదలుపెట్టాను, సనత్‌నగర్ ఇంటి చిరునామాతో. నాన్నగారి కరెంటు బిల్లు, నా ఆధార్ సిద్ధం చేసుకుంటున్నాను. మొన్న కోపంగా రాసినందుకు లాయరు గారు మన్నించాలి.

ఒక్క సందేహం. ఎన్నికల ప్రకటన వచ్చాక పెట్టినా తీసుకుంటారా?

న్యాయపథం · హైదరాబాద్ · గురువారం రాత్రి 9:25

మన్నించడానికేముంది తమ్ముడూ, మీరు అడగబట్టే పదిమందికి తెలిసింది.

నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో కొత్త పేరు చేర్చరు. దానికి ముందు అభ్యంతరాలకు ఏడు రోజులు, బీఎల్‌వో పరిశీలన ఉంటాయి కాబట్టి ప్రకటన వచ్చాక పరుగెత్తితే ఆలస్యమైనట్టే. ఎన్నికలు లేని రోజుల్లోనే పెట్టండి. కొత్తగా పద్దెనిమిది నిండేవాళ్లకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు. బయట డిగ్రీ చదువుతున్న పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

నల్లకుంటవాసి · హైదరాబాద్ · ఆరు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5:40

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. పని అయ్యాకే రాద్దామని ఆగాను.

అమ్మాయి ఆ వారమే 6ఏ పెట్టింది. పాస్‌పోర్టులో చిరునామా అదృష్టం కొద్దీ మా నల్లకుంట ఇల్లే. గడువు తీరిన వీసా పేజీతో పాటు ఐ-797 కూడా జత చేసింది. మొదటిసారి ఫొటో సరిగా లేదని తిప్పి పంపారు, మళ్లీ పెట్టింది. పాత ఓటరు కార్డు మా బీరువాలో ఉంది, దాన్ని అప్పగించాలన్నారు. ఇక్కడే మా ఆవిడ కొంచెం పేచీ పెట్టింది. అది ఇంటర్ అయిన వేసవిలో దిగిన ఫొటో, రెండు జడలతో. ఆ కార్డు ఇవ్వనంది. చివరికి ముందూ వెనకా జిరాక్సు తీయించి దేవుడి గదిలో పెట్టుకుని, అసలుది ఇచ్చింది.

మొన్న బుధవారం బీఎల్‌వో వచ్చారు. అదే అమ్మ. నన్ను చూడగానే "సార్, పోయినసారి మీకు ఈ ఫారం గురించి చెప్పలేకపోయాను, నాకే తెలియదు" అన్నారు. కూర్చోబెట్టి టీ ఇచ్చాం. కాగితాలు పరిచి, "అమ్మాయి ఇప్పుడెక్కడ ఉంటుందండీ?" అని అడిగారు. పోయినసారి చెప్పిందే చెప్పాను, అమెరికాలో ఉద్యోగమమ్మా అని. ఆవిడ రాసుకున్నారు, కింద నాతో సంతకం పెట్టించుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం అమ్మాయి ఫోనుకు మెసేజ్ వచ్చిందట, ఆమోదించామని.

వచ్చే ఎన్నికలకు రాగలదో లేదో తెలియదు. స్టాంపింగ్ సంగతి ఇర్వింగ్‌తెలుగు గారు రాసినట్టే ఉంది. బడిపంతులు గారూ, ఒక్కటి చెప్పండి. జాబితా చివర విదేశీ ఓటర్ల పేజీ విడిగా ఉంటుందని లాయరు గారు అన్నారు, అది వెబ్‌సైటులో మా పోలింగ్ కేంద్రం పీడీఎఫ్‌లోనే కనిపిస్తుందా? ఆ పేజీ అచ్చు తీయించి అమ్మాయికి పంపాలని ఉంది.

బడిపంతులు_మల్కాజిగిరి · హైదరాబాద్ · శనివారం సాయంత్రం 6:05

అందులోనే ఉంటుంది సార్, చివరి పేజీల్లో చూడండి. పేరు ఎక్కి జాబితా మళ్లీ పెట్టడానికి కొన్నాళ్లు పడుతుంది, కంగారుపడకండి. అప్పుడు చెప్పిన సోమవారం సమావేశంలో మాట్లాడాను. నలభై మంది బీఎల్‌వోలు వచ్చారు. తర్వాత పద్దెనిమిది మంది ఫారం లింకు అడిగి తీసుకున్నారు.

షార్జా_చింతల్ · షార్జా · శనివారం రాత్రి 9:50

సార్, మస్తు సంబురమైంది. మా క్యాంపుల తొమ్మిది మందితోని 6ఏ నింపిచ్చిన. ఇంక ఏడుగురికి పాస్‌పోర్టుల ఊరి అడ్రసే ఉన్నది, ఇంటికాడ సంతకం పెట్టెటందుకు అమ్మనాయిన ఉన్నరు. వచ్చే శుక్రవారం వాళ్లవి కూసుంటం.